ఏడుగురు దొనాతోలు, ఒక ఉత్తరం

మొదటిసారి చూసిన రోజే మా ఆవిడ నన్ను అబద్ధాలకోరు అంది. ఆ రోజు నేను చెప్పింది నిజమే. అబద్ధం తర్వాత చెప్పాను. ఇరవై ఎనిమిదేళ్ళు అయిపోయింది గానీ ఆ అబద్ధం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

మొన్న గ్రూపులో ఒకబ్బాయి అడిగాడు, "అంకుల్, మీ ఇంటిపేరు ఇంకెక్కడా వినలేదు, ఎక్కడిదండీ" అని. చెప్తా బాబూ. కాకపోతే మా ఇంటిపేరు గురించి చెప్పాలంటే మా ఆవిడ గురించి చెప్పాలి. చదువు తక్కువ వాణ్ణి, రాతలో తప్పులుంటే సర్దుకోండి.

1997, జూన్ నెల. మాది కొల్లెవారో, ఇటలీలో మొలీజె కొండల్లో చిన్న ఊరు. నాకప్పుడు పాతికేళ్ళు. చీజ్ ఉండల్ని జంటలుగా తాడుకి కట్టి నా మూడు చక్రాల బండిలో వేలాడదీస్తున్నా. పదకొండుంపావు బస్సు ఆగింది. ఒకమ్మాయి దిగింది. పొట్టి జుట్టు, ఎండకి కందిపోయిన ముక్కు, తనకంటే పెద్ద సంచీ. నేరుగా చర్చి ముందు బల్ల దగ్గరికొచ్చింది. అక్కడ ఎప్పుడూ ఉండే ఐదుగురు పెద్దవాళ్ళు కూచుని ఉన్నారు.

"ఇక్కడ పెసనేవె గారని ఎవరైనా ఉన్నారాండీ?" అంది.

ఐదు చేతులు లేచాయి. బండి దగ్గర్నుంచి నాదీ లేచింది.

ఆ పిల్ల మొహం ఎర్రబడింది. "నాతో ఆటలాడుతున్నారా?"

"ఆట కాదు మేడం. నేనూ పెసనేవేనే," అన్నాను.

"అదిగో, బార్‌లోంచి వస్తున్నాయన?"

"ఆయనా అంతే."

"ఆ కుక్క?"

"కుక్క మా మావయ్యది. మావయ్య పెసనేవె."

"మీరు అబద్ధాలకోరు," అంది నా కళ్ళలోకి చూసి. "దేశంలో ఉన్న టెలిఫోన్ పుస్తకాలన్నీ తిరగేశాను. ఈ పేరు మీద మొత్తం ఇరవై మూడు ఫోన్లున్నాయి. అంత అరుదైన పేరున్నవాళ్ళు ఆరుగురు ఒక్క చోట ఎండ కాగుతున్నారంటే నమ్మమంటారా?"

"అమ్మాయ్, కావాలంటే మిగతావాళ్ళని కూడా లేపుతాం. పదిహేడు ఫోన్లు ఈ ఊళ్ళోనే ఉన్నాయి," అన్నాడు దొనాతో తాత. ఆయనకి ఎనభై ఒకటి. బల్ల మీద కుడివైపు చివర ఆయన చోటు.

ఆ పిల్ల సంచీ కింద పెట్టి, నోట్‌బుక్ తీసి, ఒక్కొక్కళ్ళనీ పేరు అడిగింది. మొదటాయన దొనాతో. మూడో ఆయన దొనాతో. బార్‌లోంచి వచ్చిన మాంసం కొట్టు కసాయి అన్న, ఆయనా దొనాతో. నా దగ్గరికి వచ్చి పెన్ను ఆపింది.

"మీరు కూడా..."

"దొనాతో."

నోట్‌బుక్ మూసేసి, "తిరుగు బస్సు ఎన్నింటికి?" అంది.

మా ఊరి దేవుడు సాన్ దొనాతో. మొదటి మగపిల్లాడికి తాత పేరు పెట్టాలి. తాతకి ఆయన తాత పేరు. మరి ఏడుగురు దొనాతో పెసనేవెలు కాకపోతే ఎంతమంది ఉంటారు చెప్పండి.

మొత్తానికి బస్సు ఎక్కలేదు. ఎర్సీలియా పిన్ని మేడ మీది గది అద్దెకి తీసుకుంది. బొలొన్యా యూనివర్సిటీలో ఇంటిపేర్ల మీద పరిశోధన అంట. ఊళ్ళో అందరికీ బొలొన్యా పిల్లే, అసలు పేరు ఎవరూ పట్టించుకోలేదు. అంతదూరం నుంచి మా ఇంటిపేరు కోసం ఒకమ్మాయి వచ్చిందంటే మా ఊరికి కొమ్ములొచ్చాయి. నాకు ముందొచ్చాయి.

మర్నాడు చర్చి పాత పుస్తకాలు చూడ్డానికి వెళ్తుంటే, సంచీ బరువుగా ఉంది కదా అని బండి ఎక్కించుకున్నా.

"ఇంతకీ మీ పేరు చెప్పలేదు," అన్నాను.

"ఫ్లావియా. ఫ్లావియా ఫెర్రారీ."

"కార్ల వాళ్ళా?"

"కార్ల వాళ్ళయితే చీజ్ బండిలో ఎందుకు కూచుంటానండీ. ఫెర్రారీ అంటే కమ్మరి. మా మోదెనా వైపు రాయి విసిరితే ఒక ఫెర్రారీకి తగుల్తుంది. బళ్ళో మా క్లాసులోనే నలుగురం. మేష్టారు నన్ను మూడో ఫెర్రారీ అని పిలిచేవాడు." సంచీ ఒళ్ళోకి లాక్కుంది. "మీకు తెలీదు. దేశంలో ఎనభై మందికే ఉన్న పేరంటే ఎంత బాగుంటుందో."

ఎనభై నాలుగు. తర్వాత తనే లెక్క తేల్చింది. మా ఊళ్ళో అరవై ఒకళ్ళు, తూరినోలో ఫ్యాక్టరీ పనికెళ్ళిన మూడు కుటుంబాలు, రోమ్‌లో ఒక ముసలి టీచరమ్మ, బెల్జియం గనుల్లోకి వెళ్ళి అక్కడే ఉండిపోయినవాళ్ళు ఇంకొందరు. ఇప్పుడు ఇంకా తగ్గాం లెండి.

పేరు అర్థం కూడా తనే మాకు చెప్పింది. పెస అంటే తూచేది, నేవె అంటే మంచు. మంచు తూచేవాళ్ళు. మా కొండ మీద పెద్ద గుంటలున్నాయి. ఫ్రిజ్‌లు లేని కాలంలో చలికాలం మంచుని వాటిలో తొక్కి, మీద గడ్డి కప్పి, ఎండాకాలం కంచరగాడిదల మీద నేపుల్స్ దాకా పంపేవాళ్ళు. డాక్టర్లు కొనేవాళ్ళు, ఐస్‌క్రీమ్ వాళ్ళు కొనేవాళ్ళు. దార్లో కరిగిపోతుంది కదా, అందుకని గుంట దగ్గర ఒక మనిషి నిలబడి తూచి రాసేవాడు. చర్చి పుస్తకంలో 1612లో "మంచు తూచే నికోలా" అని ఉంది. ఆ వాక్యం దొరికిన రోజు ఫ్లావియా నా చెయ్యి పట్టుకుని గుంజింది. "చూడు, చూడు, ఇదిగో మీ తాత." మీరు నుంచి నువ్వులోకి దిగింది కూడా గమనించుకోలేదు. నేను గమనించాను.

ఇక అబద్ధం దగ్గరికి వస్తా.

సగం ఊరికి ఒకటే ఇంటిపేరు కాబట్టి మాలో ఆ పేరు ఎవరూ వాడరు. ప్రతి ఇంటికీ ఒక మారుపేరు ఉంటుంది. దొనాతో తాత వాళ్ళు గంటలోళ్ళు. కసాయి దొనాతో అన్న వాళ్ళు ఎర్రటోపీలోళ్ళు. ఫ్లావియా లిస్టులో దానికో గడి ఉంది. ఇల్లిల్లూ తిరిగి నింపింది. ఒక సాయంత్రం మా గుమ్మం మెట్ల మీద కూచుని అడిగింది, "మీ ఇంటి మారుపేరేంటి?"

మాది గాడిదని మోసినోళ్ళు.

చిన్నప్పుడు బళ్ళో నేను లోపలికి అడుగు పెడితే చాలు, వెనక బెంచీలోంచి గాడిద కూత వచ్చేది. మంచు తూచే నికోలా మనవడివి అని నన్ను మురిసిపోయి చూస్తున్న పిల్లకి ఆ మాట ఎలా చెప్పను?

"మాకు లేదు," అన్నాను.

"ఊరందరికీ ఉంది కదా."

"మాది అసలు ఇల్లు. మాకు అక్కర్లేకపోయింది."

పెన్ను చివర కొరుక్కుంటూ నన్ను చూసింది. గడి ఖాళీగా వదిలేసింది.

నేను బార్‌కి వెళ్ళి అందరి కాళ్ళూ పట్టుకున్నా. కసాయి అన్న, "నోరు తెరిచి మీ మారుపేరు చెప్పం రా, ఒట్టు," అన్నాడు. చెప్పలేదు నిజమే. కానీ మేమిద్దరం బజార్లో నడుస్తుంటే ప్రతి కొట్లోంచీ ఒక కూత.

"మీ ఊళ్ళో గాడిదలు బాగా ఉన్నట్టున్నాయే, ఒక్కటీ కనపడదేం?" అంది ఫ్లావియా.

"పగలు బయటికి రావు," అన్నాను.

అప్పటికి మా గుమ్మం దగ్గరికొచ్చాం, అరుగు మీంచి మా నానమ్మ వింది. నానమ్మ పేరు ఫిలోమేనా. ఫ్లావియా వెళ్ళాక అంది, "దాచుకోవాల్సిన పని మనవాళ్ళు చెయ్యలేదురా సన్నాసీ."

"నువ్వూరుకో నానమ్మా."

"ఊరుకుంటా. నీకే తెలుస్తుంది."

జూలై ఆఖర్న మంచు గుంటలు కొలవాలంటే కొండ మీదికి తీసుకెళ్ళా. ఎక్కేటప్పుడు ఎండ. పైకి చేరేసరికి ఆకాశం ముద్దగా వచ్చి మీద పడ్డట్టు వాన. ఇద్దరం గుంట అంచున రాతి కప్పు కింద దూరాం. తన జుట్టంతా నుదుటికి అంటుకుపోయింది. చేతులు చల్లబడిపోయాయి. నా చేతుల్లోకి తీసుకున్నా.

"నీ చేతులు పొయ్యిలా ఉన్నాయేంటి?" అంది.

"రోజూ మరిగే నీళ్ళలో చీజ్ సాగదీస్తాం కదా. వేడి లోపలికి వెళ్ళిపోయింది."

"పరిశోధన ప్రకారం ఇది నమ్మశక్యం కాదు."

"వదిలెయ్యమంటావా?"

"వాన తగ్గాక."

వాన తగ్గింది. నేను వదల్లేదు. తను అడగలేదు. అప్పుడే అడిగేశా, నాతో ఉండిపోతావా అని. పాతికేళ్ళవాడికి తొందర కదండీ.

గుంటలోకి చూస్తూ అంది, "దొనాతో, జర్మనీలో రెండేళ్ళ ఉద్యోగం ఇస్తామన్నారు. సెప్టెంబరు ముప్పై లోపల అవునో కాదో చెప్పాలి. నువ్వేమో ఇలా అడిగావు. నాకు ఇలాంటివి నోటితో చెప్పడం రాదు. మా ఇంట్లో ఎవరికీ రాదు. వెళ్ళాక ఉత్తరం రాస్తా. తప్పకుండా రాస్తా."

ఆగస్టు మొదట్లో బస్సెక్కి వెళ్ళిపోయింది. బొలొన్యాలో గది మారుతోంది, అడ్రసూ ఫోన్ నంబరూ ఉత్తరంలోనే రాస్తానంది.

నేను ఎదురుచూశా. ఆగస్టు అయిపోయింది. సెప్టెంబరు పది, పదిహేను, ఇరవై. ఉత్తరం రాకపోవడం కూడా ఒక జవాబే అనుకున్నా. పాలు విరగ్గొట్టడం, సాగదీయడం, కట్టడం, వేలాడదీయడం. నానమ్మ పెట్టింది తినడం. నానమ్మ కూడా తిట్టడం మానేసింది, అంటే చూసుకోండి నా పరిస్థితి.

అసలు జరిగింది ఇదీ. ఆగస్టులో మా పాత పోస్ట్‌మాన్ నూన్‌త్సియో రిటైరయ్యాడు. ఆయన చేతిరాత చూసి ఉత్తరం ఏ ఇంటిదో చెప్పేవాడు. కొత్తగా వచ్చినతను కాంపొబాస్సో టౌన్ కుర్రాడు. ఫ్లావియా కవరు మీద రాసింది "దొనాతో పెసనేవె, కొల్లెవారో". అంతే. మారుపేరు రాయలేదు. ఎలా రాస్తుంది, నేను చెప్తే కదా.

మారుపేరు లేని ఉత్తరం వస్తే మా ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. అందర్లో పెద్ద దొనాతో మొదట విప్పుతాడు. తనది కాకపోతే తోచిన ఇంకో దొనాతోకి ఇస్తాడు. అలా దొనాతో తాత విప్పాడు. ఆ ఉత్తరం తనది కాదని మొదటి లైన్‌లోనే తెలిసిందంట. అయినా మూడు వారాలు దిండు కింద పెట్టుకున్నాడు. తర్వాత నేను దెబ్బలాడితే అన్నాడు, "ఒరేయ్, మా ఆవిడ పోయి పదకొండేళ్ళయింది. ప్రియమైన దొనాతో అని పొద్దున్నే చదువుకుంటే ఎవరికి నష్టంరా?" ఇంకేమంటాం ఆ మనిషిని.

చివరికి మనసు గుచ్చుకుని, ఎవరిదో తెలీక, మాంసానికి వెళ్ళినప్పుడు కసాయి అన్న కొట్లో బల్ల మీద పెట్టి వచ్చాడు. అన్న లోపల ఉన్నాడు. గల్లా దగ్గర కార్మెలా వదిన ఉంది.

ఇరవై తొమ్మిదో తారీకు పొద్దున బార్‌కి వెళ్తే అన్న ఒక్కడే కూచుని నిన్నటి రొట్టె కాఫీలో ముంచుకు తింటున్నాడు. వదిన పుట్టింటికి వెళ్ళిపోయిందని బార్ అంతా చెప్పుకుంటున్నారు. ఎవరో ఆడమనిషి ఉత్తరం రాసిందంట. నాకు రెణ్ణెల్లలో మొదటిసారి నవ్వొచ్చింది.

"ఏంటన్నా, ఎవరికి లేత మాంసం వేసిచ్చావు?" అన్నాను.

"నువ్వూ మొదలెట్టావా. నేనేం చేశాన్రా? ఆమె ఎవరో నాకు తెలీదు. వానలో కొండ మీద నేను ఆమె చెయ్యి పట్టుకున్నానంట. నా మోకాళ్ళకి ఆ కొండెక్కి పదేళ్ళయింది. ఫ్లావియా అంట. ఆ పేరుగల మనిషి నాకు..."

ఆగిపోయాడు. నా మొహం చూశాడు. నా కాఫీ బల్ల మీద పారుతోంది.

"నీదా?" అన్నాడు మెల్లగా.

"నాదే అన్నా."

కాలర్ పట్టుకుని లేపాడు. కొడతాడనుకున్నా. "బండి తియ్యరా," అన్నాడు.

బండి తీస్తుంటే నానమ్మ వచ్చి ముందు సీట్లో కూచుంది. ఎవరూ పిలవలేదు. అన్న వెనక చీజ్ ఉండల మధ్య కూచున్నాడు. పక్క ఊరు ఆరు కిలోమీటర్లు. అన్నీ మలుపులే. ప్రతి మలుపుకీ చీజ్ ఉండ ఒకటి అన్న తలకి తగులుతోంది, అన్న నన్ను తిడుతున్నాడు.

కార్మెలా వదిన తలుపు సగమే తీసింది. "ఎందుకొచ్చారు?"

"వదినా, ఆ ఉత్తరం నాది."

"ఈయన నీకెంతిచ్చాడు ఆ మాట అన్నందుకు?"

"ఒట్టు వదినా. నాకు రాసిందది."

"అయితే అందులో ఏముందో చెప్పు."

"నేను చదవలేదు కదా."

"చదవని ఉత్తరం నీదెట్లా అయింది? మగాళ్ళంతా ఒకళ్ళనొకళ్ళు కాసుకుంటారు. నాకు తెలీదా."

నానమ్మ అంది, "కార్మెలా, అందులో ఫోన్ నంబరు ఉందా?"

"ఉంది. దాని గొంతు వినడం ఇష్టం లేక చెయ్యలేదు."

"ఇప్పుడు విను తల్లీ. రేపటితో గడువు అయిపోతుందంట. మా వాడు రెణ్ణెల్లుగా అన్నం సయించక ఎండిపోతున్నాడు. నీ మొగుడు ఎండడు గానీ, ఆయన్ని కూడా చూడు."

వదిన అన్నని చూసింది. నుదుటి మీద చీజ్ ఉండ దెబ్బ బొప్పి కట్టింది. తలుపు తెరిచింది.

ఫోన్ వరండాలో గోడకి ఉంది. వదిన నంబరు తిప్పింది. వాళ్ళమ్మ, ఇద్దరు చెల్లెళ్ళు, పక్కింటావిడ, అందరం చుట్టూ చేరాం. రిసీవర్ చెవికి కొంచెం దూరంగా పట్టుకుంది, అందరికీ వినపడాలని.

"హలో," అంది అటునుంచి. రెణ్ణెల్ల తర్వాత ఆ గొంతు. నేను ఇంకా దగ్గరికి జరిగాను.

"నేను కొల్లెవారో నుంచి. దొనాతో పెసనేవె భార్యని," అంది వదిన.

అటునుంచి చాలా చిన్నగా, "భార్యా?" అంది.

"ఊరికే వణక్కు. నువ్వు రాసింది ఏ దొనాతోకి? ఏడుగురున్నారు. ఏ ఇంటి దొనాతో చెప్పు."

"నాకు తెలీదండీ. అన్ని ఇళ్ళకీ మారుపేరు ఉంది. అతను తన ఇంటికి లేదన్నాడు. నా లిస్టులో ఆ ఒక్క గడీ ఖాళీ."

వదిన రిసీవర్ దించి నావైపు తిరిగింది. "మారుపేరు లేనిల్లు మన ఊళ్ళో ఉందా?"

నానమ్మ నా వీపు మీద ఒక్కటి చరిచింది. "చెప్పరా. ఇప్పుడు చెప్పకపోతే జన్మలో చెప్పలేవు."

వదిన రిసీవర్ నా నోటి దగ్గర పెట్టింది. పదిమంది చూస్తున్నారు.

"ఫ్లావియా. నేను. నీతో అబద్ధం చెప్పాను. మాకు మారుపేరు ఉంది. మేం గాడిదని మోసినోళ్ళం."

వదిన పెదాలు బిగపట్టుకుంది. వెనకనుంచి అన్న గట్టిగా దగ్గాడు.

"ఎందుకు మోశారు?" అంది ఫ్లావియా.

"మా ముత్తాతకి ఒకటే గాడిద ఉండేది. చూలుది. మంచు దింపుతుంటే కాలు విరిగింది. వదిలేసి రమ్మన్నారు అందరూ. ఆయన మంచు అక్కడే పారబోసి, ఇద్దరు తమ్ముళ్ళతో దాన్ని దుంగలకి కట్టి భుజాల మీద ఊళ్ళోకి మోసుకొచ్చాడు. మోసేవాణ్ణే మోశారని ఊరంతా నవ్వింది. ఇంకా నవ్వుతోంది."

"బతికిందా?"

"పిల్ల బతికింది."

"ఏ సంవత్సరం?"

"1880 ఆ చుట్టుపక్కల. ఫ్లావియా, రాసుకుంటున్నావా?"

"రాసుకోనా మరి. పనికిరాని వాళ్ళయితే గాడిదని వదిలేసి మంచు తెచ్చేవాళ్ళు దొనాతో. దాన్ని పట్టుకుని నువ్వు సిగ్గుపడి దాచావు." పెన్ను బల్ల మీద పడేసిన చప్పుడు వినపడింది. "నెల రోజులు పోస్ట్ కోసం కిందికీ పైకీ తిరిగాను. రేపు జర్మనీ వాళ్ళకి సరే అని చెప్దామని కాగితం కూడా రాసిపెట్టుకున్నా."

"చెప్పకు," అన్నాను. ఇంకేం తోచలేదు. "చెప్పకు ఫ్లావియా."

"నా ఉత్తరం చదవలేదా?"

"ఊరంతా చదివారు. నేను తప్ప."

నవ్వింది. ఏడుస్తూనే నవ్వింది. "కాంపొబాస్సో నుంచి మీ ఊరికి బస్సు ఇప్పటికీ అదే టైముకా?"

అన్న అప్పటికే వదిన సూట్‌కేసు బండిలో ఎక్కించేస్తున్నాడు. వదిన ఫోన్ పెట్టేసి, ఉత్తరం మడిచి, జాకెట్ జేబులో పెట్టుకుంది.

"వదినా, ఉత్తరం."

"ఇవ్వను. ఇరవై ఏళ్ళలో ఈయన నాకు ఒక్క ముక్క రాయలేదు. ఇందులో ఎలా రాయాలో ఉంది. చూసి నేర్చుకుంటాడు." అని అన్న పక్కన చీజ్ ఉండల మధ్య కూచుంది. ఈసారి బొప్పి కట్టకుండా ఆయన తల మీద చెయ్యి అడ్డం పెట్టుకొచ్చింది.

రెండ్రోజుల తర్వాత ఫ్లావియా దిగింది. నానమ్మ ముందుకెళ్ళి, మొహం రెండు చేతుల్తో పట్టుకుని, రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టి, "ఇంట్లోకి రా, చిక్కిపోయావు," అంది. మా ఇంట్లో పెళ్ళికి ఒప్పుకోవడం అంటే అదే.

నేను సంచీ అందుకుని, "అందులో ఏం రాశావో ఎవరూ చెప్పట్లేదు. కార్మెలా వదిన ఇవ్వనంది," అన్నాను.

"అయ్యో," అంది. చుట్టూ చూసింది. బల్ల మీద ఐదుగురు, బార్ గుమ్మంలో నలుగురు, కసాయి కొట్టు ముందు వదిన. కొత్త పోస్ట్‌మాన్ కూడా సైకిల్ ఆపి నిలబడ్డాడు. ఫ్లావియా ముక్కు ఎర్రగా అయిపోయింది. వేళ్ళు ముడేసుకుంది, విప్పింది. అటు చూసింది, ఇటు చూసింది.

తర్వాత, తన ఇంట్లో ఎవరికీ రాని ఆ పని, ఉత్తరంలో రాసింది నోటితో చెప్పడం, అక్కడే నిలబడి చేసింది. మొదటి మాట దగ్గర తడబడింది. రెండోదానికి గొంతు కుదురుకుంది. దొనాతో తాతకి కంఠతా వచ్చు కాబట్టి మధ్యలో ఒక లైను మర్చిపోతే ఆయన అందించాడు.